నల్లగా పొడిస్తే పచ్చగా తేలింది

మా అవ్వ నొసటి మీద మూడు చుక్కలుంటాయి. ఎడమ ముంజేతి మీద తేలు బొమ్మ ఉంటుంది. పెండ్లికి ముందు ఎరుకలామె వచ్చి, వాకిట్లో కూర్చోబెట్టుకుని పొడిచిందట. ఇప్పుడు ఆ తేలుకు కాళ్లేవో కొండి ఏదో సరిగ్గా తెలియదు. గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. రంగు మాత్రం పోలేదు. పాత రాగిచెంబుకు పట్టిన చిలుములాంటి పచ్చదనం.

రెండేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు, వర్ధన్నపేట దగ్గర మా ఊళ్లో, అందరం అరుగు మీద కూర్చుని తంగేడు, గునుగు పూలు పేరుస్తున్నాం. హన్మకొండ నుంచి చిన్నమ్మ వచ్చింది. పొద్దుటి ఎండ ఆమె ముఖం మీద పడుతోంది. అవ్వ పూలు పక్కన పెట్టి చిన్నమ్మ గదవ పట్టుకుని వెలుతురుకు తిప్పింది.

"ఇదేందే కోడలా, కనుబొమ్మలకు పచ్చబొట్టు పొడిపిచ్చుకున్నవా?"

"పచ్చబొట్టు కాదత్తమ్మా. మైక్రోబ్లేడింగ్ అంటరు. పార్లర్ల చేపిచ్చుకున్న."

"పేరేదైతేంది బిడ్డా, రంగు పచ్చబొట్టుదే గద."

చిన్నమ్మ మొహం చిన్నబోయింది. అంతకు రెండేళ్ల ముందు బిడ్డ పెండ్లి కోసం చేయించుకున్న కనుబొమ్మలవి. పెండ్లి ఫొటోల్లో ముదురు గోధుమరంగులో, వెంట్రుక వెంట్రుక విడివిడిగా గీసినట్టు ఎంతో బాగున్నాయి. ఇప్పుడు గీతలు అలుక్కుపోయి, నీలం కలిసిన బూడిదరంగులోకి దిగాయి. అవ్వ కించపరచాలని అనలేదు. కళ్లకు కనిపించింది చెప్పింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. దీపం మసి నల్లనిది. దాన్ని ఒంట్లో పొడిస్తే వచ్చేదాన్ని మనవాళ్లు నల్లబొట్టు అనలేదు, పచ్చబొట్టు అన్నారు. చర్మంలోకి పోయిన రంగు పోసిన రంగులాగే ఉండదన్న సంగతి ఆ పేరులోనే ఉంది. పార్లర్లో షేడ్ కార్డు చూపించి రంగు ఎంచుకోమన్నప్పుడు చిన్నమ్మకు ఎవరూ చెప్పని సంగతి అదే.

పచ్చబొట్టు పొడవడం మన దగ్గర ఆడవాళ్ల విద్య. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాల్లో కొరవ స్త్రీలు ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడవడం గురించి ఉంది. తెలుగునాట ఎరుకలవాళ్లుగా పిలిచేది వాళ్లనే. ఆదిలాబాద్ గోండులకు తోటి అనే తెగ స్త్రీలు పొడుస్తారు. మూడు నాలుగు సూదులు కలిపి దారంతో కట్టి, మసిలో ముంచి, చర్మాన్ని లాగిపట్టి గుచ్చుతారు. కొందరు ఆకు పసరు కూడా కలుపుతారు. గుంటగలగరాకును ఇందుకు వాడిన సంగతి మూలికల పుస్తకాల్లో కనిపిస్తుంది. పచ్చదనం ఆ పసరు వల్లే వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఆకులోని పచ్చ పదార్థం మనిషి ఒంట్లో డెబ్బై ఏండ్లు నిలిచేది కాదు. నిలిచేది మసి, అంటే కార్బన్. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, దాదాపు 5,300 ఏండ్ల కిందటి ఓట్‌జీ అనే మనిషి ఒంటి మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. అవి కూడా మసితో వేసినవే.

మరి మసి ఎందుకు నిలుస్తుంది? చర్మంలో పైపొర, లోపొర అని రెండు ముఖ్యమైన పొరలున్నాయి. ముఖం మీద పైపొర మందం మిల్లీమీటరులో పదోవంతు వరకే. దాని అడుగున కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, చివరికి మట్టిగా రాలిపోతుంటాయి. ఈ చక్రం తిరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గోరింటాకు పండి కొద్దిరోజుల్లో పోవడానికి కారణం ఇదే, అది పైపొరలోనే ఉంటుంది. పచ్చబొట్టు సూది ఆ పొర దాటి లోపొరలో రంగు వదులుతుంది. అక్కడ రాలిపోవడం లేదు. రక్తనాళాలు, నరాలు, కాపలా కణాలు ఉంటాయి. మాక్రోఫేజ్‌లనే ఈ కాపలా కణాలు, గాయంలోంచి వచ్చిన ప్రతి పరాయి రేణువునూ మింగేస్తాయి. బ్యాక్టీరియానైతే అరిగించుకుంటాయి. మసి అరగదు, కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి.

చాలాకాలం ఇంతవరకే తెలుసు. ఒక్కో కణం జన్మంతా ఆ రంగును మోస్తుందని అనుకునేవారు. ఫ్రాన్స్‌లోని మార్సేయ్ పరిశోధకులు 2018లో దీన్ని ఎలుకల తోకల మీద పరీక్షించారు. పచ్చరంగు పొడిచి, ఆ తర్వాత రంగు మోస్తున్న కణాలన్నిటినీ చంపేశారు. పచ్చబొట్టు చెక్కుచెదరలేదు. చచ్చిన కణం వదిలిన రేణువులను కొత్తగా వచ్చిన కణం మింగేసింది. అంటే అవ్వ చేతి మీద తేలు ఒక్కసారి వేసి వదిలేసిన బొమ్మ కాదు. కణాలు తరాలు మారుతూ చేతులు మార్చుకుంటున్న బరువు. చేతులు మారే ప్రతిసారీ కొన్ని రేణువులు పక్కకో లోతుకో జరుగుతాయి. కొన్ని శోషరసంతో కలిసి గ్రంథుల దాకా పోతాయి. అందుకే తేలు కాళ్లు అలుక్కుపోయాయి. చిన్నమ్మ కనుబొమ్మల గీతలకు రెండేళ్లలో పట్టిన గతీ అదే. గీసిన గీత ఎంత సన్ననిదైతే అలుకుడు అంత తొందరగా కంటబడుతుంది.

ఇక రంగు సంగతి. మీ ముంజేతిని తిప్పి చూడండి, నరాలు నీలంగా కనిపిస్తాయి. లోపల పారే రక్తం ముదురు ఎరుపే, నీలం కాదు. చర్మం లోపొర సన్నని పోగులతో నేసిన గుడ్డలాంటిది. వెలుతురు పడినప్పుడు అందులోని నీలి భాగం ఆ పోగుల్లో చెదిరి తొందరగా వెనక్కి వస్తుంది. ఎర్రభాగం లోతుకు పోతుంది. లోతున నల్లటి మసి ఉంటే, పోయిన ఎరుపును అది మింగేస్తుంది. కంటికి తిరిగి చేరేది ఎక్కువగా నీలమే. ఆ నీలం మీద మన పైపొరలోని గోధుమ, పసుపు ఛాయలు తెరలాగా పడితే పచ్చగా కనిపిస్తుంది. మసి రంగేమీ మారలేదు. ఎంత లోతున ఉందో, దాని మీద ఎలాంటి చర్మం ఉందో, దాన్నిబట్టి మనకు కనిపించే రంగు మారింది. అదే సీసాలోని అదే రంగు ఒకరి నుదుట గోధుమగా నిలిచి, ఇంకొకరి నుదుట నీలంగా తేలడానికి పొడిచిన చేతి లోతు ఒక పెద్ద కారణం. ఒక మిల్లీమీటరులో కొంత భాగం తేడా చాలు.

మైక్రోబ్లేడింగ్ కూడా పచ్చబొట్టే. పనిముట్టు వేరు. పదీ పన్నెండు సన్నటి సూదులను ఒకే వరుసలో, చిన్న బ్లేడులాగా ఒక పిడికి బిగిస్తారు. నంబింగ్ క్రీమ్ రాసి, తిమ్మిరెక్కాక, వెంట్రుక పెరిగే దిక్కుగా ఒక్కో గీతా కోసి రంగు అద్దుతారు. అంటే గుచ్చడం కంటే కోయడమే ఎక్కువ. మెషీన్‌తో చుక్కలు చుక్కలుగా వేసేదాన్ని పౌడర్ బ్రోస్ అంటున్నారు. కోసిన గీత లోపొర అంచు దగ్గర ఆగితే ఏడాది నుంచి మూడేళ్లలో వెలిసిపోతుంది. ఇలాంటివాటిని కలిపి పిలిచే "పర్మనెంట్ మేకప్" అన్న పేరుకు ఇది సరిపోదని చాలామంది బాధపడతారు. నా దృష్టిలో వెలిసిపోవడమే మేలు. వెలిసిపోనంత లోతుకు దిగితే అదే అసలు బాధ. జిడ్డుచర్మంలో గీతలు ఇంకా తొందరగా అలుక్కుపోతాయి. వరంగల్ ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, రంగు వెలిసేందుకు సూర్యకాంతి పెద్ద కారణం.

చేయించుకున్న మొదటి వారం చిన్నమ్మ చాలా భయపడింది. కనుబొమ్మలు బొగ్గుతో దిద్దినట్టు నల్లగా, లావుగా కనిపించాయి. తర్వాత సన్నటి పెచ్చులు కట్టి ఊడాయి. ఊడినచోట రంగే లేనట్టు కనిపించింది. "డబ్బులు మునిగినయి" అని నాకు ఫోన్ చేసింది. నెల దాటాక మళ్లీ రంగు తేలింది. ఇదంతా మామూలే. కొత్తచర్మం మొదట పొగమంచులాగా ఉంటుంది, గట్టిపడ్డాకే దాని అడుగున ఉన్న రంగు తెలుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు పోయాకే టచప్ చేయాలని చెప్పేది ఇందుకే. అప్పటిదాకా ఎవరి కనుబొమ్మల గురించీ మంచీ చెడూ చెప్పలేం. ఈ మధ్యలో కంగారుపడి మళ్లీ రంగు వేయించుకున్నవాళ్లే తర్వాత దిద్దుబాటుకు ఎక్కువగా వస్తారని చర్మవైద్యులు చెబుతారు.

రంగు ఏదో తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. కనుబొమ్మల రంగుల్లో పాతకాలంగా ఉన్నవి ఐరన్ ఆక్సైడ్లు. తేలిగ్గా చెప్పాలంటే తుప్పు జాతి. ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు కలిపితే గోధుమరంగు వస్తుంది. మా చెల్క నేలలు ఎర్రగా ఉండేది కూడా ఈ ఇనుము వల్లే. ఈ మూడూ ఒకే వేగంతో వెలిసిపోవు. ఎరుపు ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే కొందరి కనుబొమ్మలు రెండేళ్లకు ఇటుకరంగుకు తిరుగుతాయి. రెండో జాతి కార్బన్, అవ్వ తేలులో ఉన్నదే. నల్లగా, నిండుగా పడుతుంది, లోతైతే నీలంగా బూడిదగా తేలుతుంది. చిన్నమ్మది ఇదే అయి ఉండాలి. మూడోది టైటానియం డయాక్సైడ్. ఇంటి గోడలకు వేసే తెల్ల పెయింటులోనూ, సన్‌స్క్రీన్‌లోనూ ఉండేది అదే. రంగును లేత చేయడానికి కలుపుతారు. వీటికి తోడు రకరకాల సేంద్రియ రంగులుంటాయి. వీటిలో కొన్ని విడిపోయినప్పుడు హానికరమైన పదార్థాలు వస్తాయనే యూరోపియన్ యూనియన్ 2022 జనవరి 4 నుంచి పచ్చబొట్టు, పర్మనెంట్ మేకప్ రంగుల్లో వేల రసాయనాలకు హద్దులు పెట్టింది. అమెరికాలో 2003, 2004లలో ఒక రకం పర్మనెంట్ మేకప్ రంగులు వాడినవాళ్లలో వాపు, దురద, కంతులు వచ్చినట్టు 150కి పైగా ఫిర్యాదులు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు అందాయి. కనుబొమ్మ మీద, పెదవి మీద, ఎక్కడ పొడిపించుకున్నా సీసా మీది పేరు, రంగు నంబరు, బ్యాచ్ నంబరు ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోమని నన్ను అడిగిన ప్రతివాళ్లకూ చెబుతాను. ఆ ఫొటో అవసరం ఎలా పడుతుందో మాకు తర్వాత తెలిసింది.

అవ్వ మాట తర్వాత నెలలోపే చిన్నమ్మ హన్మకొండలో ఇంకో చోటికి వెళ్లింది. మాకెవరికీ చెప్పలేదు. అక్కడివాళ్లు "లేజర్ ఎందుకు, చర్మం రంగు వేసి మూసేద్దాం" అన్నారట. కనుబొమ్మ తోక దగ్గర నీలంగా ఉన్న భాగం మీద లేత గోధుమరంగు పొడిచారు. రెండు వారాలు బాగానే ఉంది. ఆ తర్వాత అది బూడిదరంగు చర్మం మీద అంటించిన సున్నపు మచ్చలాగా తేలింది. దాన్ని చూసినప్పుడే నేను చిన్నమ్మ చేయి పట్టుకుని చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆమె మొదట అడిగిన ప్రశ్న రంగు గురించి కాదు. "అసలు కనుబొమ్మలు ఎందుకు పలచబడ్డాయి?"

చిన్నమ్మకు కనుబొమ్మల బయటి మూడోవంతు నాలుగేళ్లుగా రాలుతూ వచ్చింది. త్రెడింగ్ ఎక్కువై పోయాయని పార్లర్లో చెప్పారు, ఆమె కూడా అట్లే అనుకుంది. అలసట, మలబద్ధకం, చలికి ఓర్చుకోలేకపోవడం వయసు వల్ల అనుకుంది. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. కనుబొమ్మ తోక రాలడం థైరాయిడ్ లోపానికి పాతకాలం నుంచి చెప్పుకునే గుర్తు. రంగుతో ఆ గుర్తును మూసేశాం. రెండేళ్లపాటు జబ్బు దాని వెనకే ఉండిపోయింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

కనుబొమ్మలు పోవడానికి ఇంకా కారణాలున్నాయి. పేనుకొరుకుడు, కీమోథెరపీ, కొన్ని రకాల ఫంగస్, వెంట్రుకలు పీక్కునే మానసిక అలవాటు. కుష్ఠు కూడా. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో 1915 నాటి నుంచి కుష్ఠు ఆసుపత్రి నడిచింది, ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు పెట్టింది. వేలూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర నుంచి కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులను సరిచేశాడు. చేతులు బాగుపడినా ఊళ్లో పని దొరకలేదు, ఎందుకంటే కనుబొమ్మలు లేని ముఖం జబ్బును చాటి చెప్పేది. అప్పుడు ఆయన, ఆయన తోటివాళ్లు తల మీద వెంట్రుకలున్న చర్మపు చిన్న ముక్కను రక్తనాళంతో సహా చర్మం కిందుగా లాగి కనుబొమ్మ చోట కుట్టారు. కనుబొమ్మ వెంట్రుక ఒకటి రెండు నెలలు పెరిగి ఆగిపోతుంది. తల వెంట్రుక ఏండ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఆ రోగులు తమ కొత్త కనుబొమ్మలను అప్పుడప్పుడు కత్తిరించుకోవాల్సి వచ్చేది. కనుబొమ్మలంటే సోకు అని కొట్టిపారేసేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. క్యాన్సర్ చికిత్సలో వెంట్రుకలు రాలిన మనిషికి, బొల్లి వచ్చిన మనిషికి ఈ పచ్చబొట్టు చేసే మేలు తక్కువది కాదు. బొల్లి ఇంకా పాకుతున్న దశలో మాత్రం సూది ముట్టరాదు. గాయమైన చోటే కొత్త మచ్చ లేస్తుంది. సోరియాసిస్ ఉన్నవాళ్లకూ అంతే. గాయం మానినచోట కండ పెరిగే తత్వం ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి.

ఇక దిద్దుబాటు. డాక్టరమ్మ "చర్మం రంగు వేసిన సీసా పేరేమిటి?" అంది. మేం తిరిగి వెళ్లి అడిగితే, అయిపోయిన సీసా పారేశామన్నారు. చర్మం రంగు అంటే దాదాపు ఎప్పుడూ టైటానియం కలిసినదే. లేజర్ దగ్గర అసలు చిక్కు ఇక్కడే వస్తుంది.

లేజర్ రంగును గీకేయదు, కాల్చేయదు. 1983లో ఆర్. రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు ఒక ఆలోచన ప్రచురించారు. ఒక రంగు ఇష్టంగా మింగే కాంతిని ఎంచుకుని, వేడి చుట్టుపక్కలకు పాకేలోపే ఆపేస్తే, ఆ రంగు రేణువు మాత్రమే దెబ్బతింటుంది, పక్కన చర్మం బతుకుతుంది. రేణువు ఎంత చిన్నదైతే కాంతి అంత తక్కువసేపు పడాలి. పచ్చబొట్టు రేణువులకు అది నానోసెకన్లలో ఉండాలి, అంటే సెకనును 100 కోట్ల ముక్కలు చేస్తే అందులో కొన్ని. పికో లేజర్లయితే ఇంకా తక్కువసేపు. ఆ దెబ్బకు రేణువు పగిలి పొడి అవుతుంది. కాపలా కణం కూడా పగిలి దాన్ని వదిలేస్తుంది. పొడిలో కొంత శోషరసంతో కొట్టుకుపోతుంది, మిగిలినదాన్ని కొత్త కణాలు మళ్లీ మింగుతాయి. అందుకే ఒక్క సిట్టింగుతో పోదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, ఒళ్లు మోయగలిగినంత మోసుకుపోయాక, మిగిలినదాన్ని మళ్లీ కొట్టాలి. తొందరపడి నెలకోసారి కొట్టించుకుంటే చర్మం దెబ్బతినడమే గాని రంగు తొందరగా పోదు.

మన చర్మంలో ఇంకో రంగు కూడా ఉంది, మెలనిన్. లేజర్‌కు పచ్చబొట్టేదో మెలనినేదో తెలియదు. పొట్టి తరంగాల కాంతిని మెలనిన్ ఎక్కువగా మింగుతుంది, పొడుగు తరంగాలను తక్కువగా. అందుకే చామనఛాయ, నలుపు చర్మాలకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్‌ను నమ్ముకుంటారు. తెల్లతోలు వాళ్ల మీద తీసిన వీడియోలు చూసి అదే శక్తితో కొట్టమనడం మనకు కుదరదు. శక్తి ఎక్కువైతే చర్మం నల్లబడుతుంది, ఒక్కోసారి తెల్లమచ్చ పడుతుంది. కనుబొమ్మ దగ్గర కాబట్టి కళ్ల మీద లోహపు కవచాలు పెట్టకుండా లేజర్ ముట్టించకూడదు. ఈ ఒక్క విషయంలో ఎవరి మొహమాటమూ వద్దు. కవచం లేకపోతే లేచి వచ్చేయండి.

టైటానియం, ఐరన్ ఆక్సైడ్లతో చిక్కు ఏమిటంటే, లేజర్ తగలగానే అవి నల్లబడొచ్చు. చెల్క మట్టి ఎర్రగా ఉంటుంది. అదే మట్టిలో మడి కట్టి నీళ్లు నిలిపి వరి నాటితే, కొన్నాళ్లకు అడుగు బురద బూడిదగా, నల్లగా మారుతుంది. గాలి అందక మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌ను వదులుకుంటుంది, రంగు మారుతుంది. వరి మడికి వారాలు పట్టే పనిని లేజర్ వేడి కన్నుమూసి తెరిచేలోపు చేస్తుంది. ఎర్రటి ఫెర్రిక్ ఆక్సైడు నల్లటి ఫెర్రస్ ఆక్సైడు అవుతుంది. తెల్లటి టైటానియం డయాక్సైడు కూడా ఇలాగే ఆక్సిజన్ పోగొట్టుకుని నీలం కలిసిన నలుపుకు తిరుగుతుంది. పెదవుల మీద గులాబీరంగు వేయించుకుని, లేజర్‌కు పోతే ఒక్క దెబ్బకు నల్లబడ్డ సంగతులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాబట్టి కనబడని మూల ఒక చిన్న చుక్క మీద లేజర్ కొట్టి, కొన్ని వారాలు ఆగి చూడాలి. దాన్నే టెస్ట్ స్పాట్ అంటారు.

చిన్నమ్మకు రెండు చోట్ల టెస్ట్ స్పాట్ వేశారు. కనుబొమ్మ నడుమ, కార్బన్ ఉన్నచోట, తెల్లటి నురగలాంటి పొంగు వచ్చి పావుగంటలో దిగిపోయింది. అది మంచి గుర్తు, పగిలిన రేణువుల దగ్గర పుట్టిన ఆవిరి బుడగలవి. తోక దగ్గర, చర్మం రంగు వేసినచోట, ఆవగింజంత మేర అప్పటికప్పుడు నల్లబడింది. చిన్నమ్మ అద్దంలో చూసి ఏడ్చింది. డాక్టరమ్మ కంగారుపడలేదు. "ఇక్కడ ఇలా అవుతుందనే ఇంత చిన్న చుక్క వేశాను. నల్లబడ్డది మళ్లీ మళ్లీ కొడితే నెమ్మదిగా పోతుంది. కాస్త ఎక్కువ సిట్టింగులు పడతాయి" అంది.

లేజర్ ఒక్కటే దారి కాదు. కొత్తగా వేసిన రంగు, పైపైన ఉన్నదైతే, గాఢమైన ఉప్పునీటిని సూదితో గుచ్చి తీసే పద్ధతి ఉంది. ఉప్పు మామిడికాయ ముక్కలోంచి నీరు లాగినట్టు గాయంలోంచి నీరు ఊరి, దాంతో పాటు కొంత రంగు పెచ్చులోకి వస్తుంది, పెచ్చు ఊడినప్పుడు పోతుంది. టైటానియం రంగులకు కొందరు దీన్నే ముందు పెడతారు. కానీ ఇది కూడా గాయమే. నిపుణత లేని చేతిలో మచ్చ మిగులుతుంది. ఆమ్లాలు పోసి తీస్తామనేవాళ్ల దగ్గరికి, ఇంట్లో ఉప్పు నిమ్మకాయ రుద్దుకోమనేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. ఇక నీలం మీద నారింజ రంగు వేసి గోధుమగా మార్చడం అనేది ఒక పద్ధతే. రంగుల లెక్క ప్రకారం సరైనదే. పాత రంగు పైపైన, పలచగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. అప్పటికే నిండుగా ఉన్నచోట మీద ఇంకా పొడిస్తే, తర్వాత తీయాల్సినది రెట్టింపవుతుంది. దిద్దుబాటులో అన్నిటికంటే కష్టమైన పని ఏమీ చేయకుండా ఏడాది ఆగడం. చాలామందికి అదే సరిపోతుంది.

సూది శుభ్రత గురించి క్లుప్తంగానైనా చెప్పాలి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. జాతరలో పచ్చబొట్టు మెషీన్ అయినా, ఏసీ పార్లర్ అయినా, సూది మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్లోంచి తీయాలి. రంగు పోసుకునే చిన్న మూత కూడా కొత్తదే కావాలి, ఒకరికి ముంచిన రంగులో ఇంకొకరికి ముంచకూడదు. నంబింగ్ క్రీమ్‌లో లిడోకెయిన్ 4 శాతం మించినవి వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పొడిపించుకున్నాక ఏడాదిపాటు రక్తదానం చేయకూడదు. ఎమ్మారై స్కాన్ గురించి మాత్రం అనవసరంగా భయపడతారు. లండన్‌లో 330 మందిని, వాళ్ల మీది 932 పచ్చబొట్లను స్కాన్ చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కరికే స్వల్పమైన ఇబ్బంది కలిగింది. స్కాన్ చేసేవాళ్లకు ముందే చెప్పండి, స్కాన్ మాత్రం మానుకోకండి.

మొన్న దసరాకు చిన్నమ్మకు నాలుగు సిట్టింగులు పూర్తయ్యాయి. ఎండాకాలంలో చర్మం కమిలి ఉంటుందని మధ్యలో ఆపారు. కనుబొమ్మ నడుమ భాగంలో నీలం పోయింది. తోక దగ్గర నల్లబడ్డది పలచబడింది కానీ ఇంకా ఉంది. థైరాయిడ్ మాత్ర రోజూ పరగడుపున వేసుకుంటోంది. లేజర్ తగిలినచోట వెంట్రుకలు కొన్నాళ్లు తెల్లబడి మళ్లీ నల్లగా వచ్చాయి. తోక దగ్గర కొత్తవి పది పన్నెండు మొలిచాయి.

బతుకమ్మ పేరుస్తుండగా అవ్వ మళ్లీ ఆమె గదవ పట్టుకుని వెలుతురుకు తిప్పింది. బొటనవేలితో కనుబొమ్మ మీద ఎదురుగా రాసి చూసింది.

"ఇగో, ఇక్కడ వెంట్రుక తగుల్తంది" అంది.

చిన్నమ్మ నవ్వి, అవ్వ చేయి పట్టుకుని తేలు వైపు చూపించింది. "డాక్టరమ్మను అడిగిన అత్తమ్మా. నీది ఒట్టి మసి గద, నాకంటే తొందరగ పోతదట. మూడు నాలుగు సార్లు కొడితె సాలట. తీపిద్దామా?"

డాక్టరమ్మ నిజంగానే అలా చెప్పింది. చేతితో పొడిచిన పాత మసిబొట్లలో రంగు తక్కువ, రకం ఒక్కటే. లేజర్‌కు అన్నిటికంటే తేలిగ్గా లొంగేవి అవే.

అవ్వ చేయి వెనక్కి లాక్కుని కొంగు కప్పుకుంది. "నాదెందుకే? గట్లనే ఉండనీ. ఆ ఎరుకలామె మా అమ్మకు దోస్తు" అని, గునుగు పూల కట్టలు ముందుకు జరుపుకుంది. చిన్నమ్మ ఐదో సిట్టింగు దీపావళి దాటాక.